కరణం పోయాక ఊరి సంగతి ఎవరినడగాలి?

కృష్ణా పశ్చిమ డెల్టాలో ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామందికి గ్రంథపాలకుడితో పనుండదు. పొద్దున్నే పేపరు చదివే పెద్దవాళ్ళకు తమ బల్లేదో తెలుసు. గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలకు ఫ్యాను కింద కుర్చీ ఏదో తెలుసు. నవలలు పట్టుకెళ్ళే ఆడవాళ్ళకయితే ఏ బీరువాలో ఏ రచయిత్రి ఉందో నాకంటే బాగా తెలుసు. ఇంకో రకం మనిషి ఉంటాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, పుస్తకాల వంక చూడకుండా నేరుగా నా బల్ల దగ్గరికొచ్చి, "ఏమండీ, మా ఊరి గురించి ఏమన్నా ఉందా మీ దగ్గర?" అంటాడు. గుడి మాన్యం తగాదానో, చెరువుగట్టు గొడవో, అమెరికాలో ఉన్న మనవరాలు వంశవృక్షం రాస్తోందనో ఏదో ఒక అవసరం ఉంటుంది. పుస్తకం పేరు చెబితే తీసివ్వడం ఎంతసేపు? ఊరి పేరు చెప్పినవాడికి ఏం తీసివ్వాలి? నా ఉద్యోగమంతా ఈ ప్రశ్నతోనే గడిచిందంటే అతిశయోక్తి కాదు. వెతుక్కుంటూ పోగా దీని వెనక రెండు వందల ఏళ్ళ కథ కనిపించింది.

గ్రంథాలయాలు రాకముందు ఈ ప్రశ్న కరణంగారి అరుగు మీదే తేలిపోయేది. పొలిమేర రాయి ఎక్కడుంది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ పూజారికి ఏ దొర ఎన్ని కుచ్చెళ్ళు మాన్యమిచ్చాడు, అన్నీ ఆయన భోషాణంలో ఉండేవి. తాతల నాటి నుంచి రాసుకుంటూ వచ్చిన దండకవిలెలు కొన్ని ఇళ్ళలో ఉండేవి. కులాల కథ చెప్పడానికి వేరే వాళ్ళున్నారు. కాపుల, రెడ్ల గోత్రాలు వల్లించడానికి పిచ్చుకుంట్లవాళ్ళు, పద్మశాలీల ఇళ్ళ ముందు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పడానికి కూనపులివాళ్ళు వచ్చేవారు. అడిగేవాడూ చెప్పేవాడూ ఎదురెదురుగా కూర్చునే రోజులవి. చెప్పినదాంట్లో ఎంత నిజముందో ఎంత స్వలాభముందో ఊళ్ళో అందరికీ తెలుసు.

ఆ అరుగు మీదికి కుంపిణీ గుమాస్తాలు కాగితం, కలం పట్టుకుని వచ్చారు. వాళ్ళను పంపినవాడు కర్నల్ కాలిన్ మెకంజీ. 1754లో స్కాట్లండు దగ్గర ఒక దీవిలో పుట్టి, 1783లో మద్రాసులో దిగి, 1815లో దేశం మొత్తానికి సర్వేయర్ జనరల్ అయినవాడు. ఆయనకు తెలుగూ రాదు, సంస్కృతమూ రాదు. వాటిని చదివి పెట్టింది ఏలూరు నుంచి వెళ్ళిన కావలి సోదరులు. వాళ్ళలో వెంకట బొర్రయ్య 1803లోనే చిన్నవయసులో పోతే, ఆ పని తమ్ముడు లక్ష్మయ్య చేతికొచ్చింది. వీళ్ళ మనుషులు ఊరూరా తిరిగి కరణాలను, పూజారులను కూర్చోబెట్టి అడిగి రాయించినవే కైఫియతులు. ఈ అడగడమంతా కొత్త పన్ను వేయడానికేనేమోనని జనం జంకేవారట. జంకు మరీ అన్యాయమైనదేమీ కాదు, నేల కొలిచే శాఖే కదా చరిత్ర అడుగుతున్నదీ! 1821లో మెకంజీ చనిపోయాక ఆయన భార్య దగ్గర ఈ పోగంతా కుంపిణీ లక్ష రూపాయలకు కొన్నది. పురుగు పట్టి పోతున్న తెలుగు భాగాన్ని సి.పి. బ్రౌన్ మళ్ళీ శుభ్రంగా రాయించాడు. మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్న స్థానిక చరిత్రల సంపుటాలు అలా మిగిలినవే.

ఒక కైఫియతు చదవడమంటే ఏమిటో కొంచెం దగ్గరగా చూద్దాం. గుంటూరు ప్రాంతపు ఊళ్ళవి పది తీసి వరసగా పెడితే మొదటి పేరా ఇంచుమించు ఒకటే. గజపతుల ప్రభుత్వం నడిచాక గణపతి మహారాజు వచ్చాడని, ఆయన ప్రధాని గోపరాజు రామన్న శాలివాహన శకం 1067లో సూర్యగ్రహణం నాడు నియోగులకు ఊళ్ళ కరణికాలు ధారపోశాడని, అందులో ఈ ఊరు ఫలానా గోత్రం వాళ్ళకు వచ్చిందని ఉంటుంది. చదివినవాడు పొంగిపోతాడు. శక సంవత్సరానికి 78 కలిపితే 1145 వస్తుంది, అంటే మా ఊరికి దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు! అక్కడ నేను ఇంకో పుస్తకం తీసేవాణ్ణి. కాకతీయ గణపతిదేవుడు సింహాసనం ఎక్కింది 1199లో. రాజు గద్దెనెక్కడానికి అర్ధశతాబ్దం ముందే ఆయన మంత్రి దానం ఎలా చేస్తాడు? మరి ఆ పేరా ఎందుకు పనికొస్తుందంటే, కుంపిణీ వచ్చేనాటికి కరణాలు తమ మిరాశీ హక్కును ఏ కథ మీద నిలబెట్టుకున్నారో చెబుతుంది. ఊరి వయసు తేల్చడానికి మటుకు పనికిరాదు. కింది పేరాల్లో చెరువుల పేర్లు, గుళ్ళు, శివారు పాలేలు, ఏ అమీలు ఏ ఏడు వచ్చాడన్నది ఉంటాయి. అవి చాలా మటుకు నికరమైనవి. ఈ తేడా చెప్పకుండా కైఫియతు చేతికిచ్చి పంపితే ఆ 1145 మర్నాటికల్లా గుడి గోడ మీద పెయింటుతో ఎక్కుతుంది. ఎక్కిన ఊళ్ళు నేను చూశాను.

కైఫియతుల తర్వాతి మెట్టు జిల్లా మాన్యువళ్ళు. 1869లో కార్మైకేల్ విశాఖపట్నానికి, 1873లో బాస్వెల్ నెల్లూరికి, 1875లో గ్రిబుల్ కడపకు, 1878లో మోరిస్ గోదావరికి, 1883లో గోర్డన్ మెకంజీ కృష్ణకు రాశారు. 1886లో కర్నూలుకు రాసినవాడు నరహరి గోపాలకృష్ణమ శెట్టి, ఈ వరసలో మనవాడు. అన్నీ ఇంగ్లీషులో కలెక్టరు కచేరీ కోసం పుట్టినవే. 1832-33 నాటి డొక్కల కరువు గురించి గానీ, 1864 నవంబరులో బందరును ముంచి ముప్ఫై వేలమందిని మింగిన ఉప్పెన గురించి గానీ మొదట చూడవలసింది గోర్డన్ మెకంజీనే. దీన్ని వాడేటప్పుడు తెలియాల్సిన కిటుకు ఒకటుంది. గుంటూరు జిల్లాను 1859లో రద్దు చేసి కృష్ణా జిల్లాలో కలిపేశారు, మళ్ళీ 1904లో గానీ విడదీయలేదు. అందుకని గుంటూరువాడు తన ఊరిని కృష్ణా మాన్యువల్లో, ఒంగోలువాడు నెల్లూరు మాన్యువల్లో వెతుక్కోవాలి. ఒంగోలు 1904లో గుంటూరులోకి, 1970లో కొత్త జిల్లాలోకి వచ్చింది. 2022లో బాపట్ల జిల్లా పుట్టాక ఒకే ఊరు నూటపాతికేళ్ళలో నాలుగు జిల్లాల కాగితాల్లోకి చెదిరిపోయిన సందర్భాలున్నాయి. అందుకే నా బల్ల దగ్గర మొదటి ప్రశ్న "మీ ఊరేది" అని ఉండదు. "అప్పుడు ఏ తాలూకా" అని ఉంటుంది. కొత్తపాలెం అనే పేరుతో మా డెల్టాలో ఎన్ని ఊళ్ళున్నాయో ఎవరూ లెక్కపెట్టలేరు. తాలూకా చెప్పలేనివాణ్ణి "ఏ కాలువ కింద సాగు? పక్కూరేది? తిరునాళ్ళ ఏ దేవుడికి?" అని అడిగితే దారి దొరుకుతుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ పన్ను వసూలుకు పుట్టిన కాగితాలు. రెండో సగాన్ని జనమే పోగుచేసుకున్నారు. 1898లో రాజమండ్రిలో వడ్డాది సుబ్బారాయుడు, అదే మన వసురాయకవి, పెట్టిన గ్రంథాలయం తర్వాత ఇంకొకదానితో కలిసి గౌతమీ గ్రంథాలయమైంది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టింది. వెనక నిలబడినవాళ్ళలో కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ఉన్నారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయాలు నడిపేవాళ్ళంతా కలిసి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. ఆ సభకు నడుం కట్టిన అయ్యంకి వెంకటరమణయ్యకు అప్పుడు పాతికేళ్ళు కూడా నిండలేదు. 1935లో పాతూరి నాగభూషణం కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పంపాడు. పడవ రేవుకొచ్చే వేళకు జనం గట్టు మీద కాచుకుని ఉండేవారని మా పెద్దలు చెప్పగా విన్నాను.

వీళ్ళెవరూ స్థానిక చరిత్ర దాచాలని మొదలుపెట్టలేదు. చదువు రావాలి, పేపరు చదివించాలి, స్వరాజ్యం మాట వినిపించాలి, అంతే. అయితే పుస్తకాలు కొనే డబ్బు తక్కువ, ఉచితంగా వచ్చే కాగితం ఎక్కువ. సంఘాల నివేదికలు, కుల మహాసభల తీర్మానాలు, నాటక సమాజాల కరపత్రాలు, వార్షికోత్సవ సంచికలు వచ్చి పడ్డాయి. పారేయడానికి మనసొప్పక దాచారు. హైదరాబాదులో ఒకడుగు ముందుకేశారు. 1923లో కొమర్రాజు కన్నుమూశాక ఆయన పేరు పెట్టుకున్న లక్ష్మణరాయ పరిశోధక మండలి, ఆదిరాజు వీరభద్రరావు వంటివాళ్ళ శ్రమతో, నిజాం రాజ్యంలో రాళ్ళ మీది రాతలు ఎత్తి రాసి 1935లో 'తెలంగాణా శాసనములు' మొదటి సంపుటం అచ్చువేసింది. తెలుగుకు చోటు దొరకని రాజ్యంలో, సర్కారు జీతం లేకుండా, గ్రంథాలయాల చుట్టూ తిరిగే మనుషులు చేసిన పని అది.

మా వైపు ఊరి చరిత్ర అనగానే వేటపాలెం సారస్వత నికేతనం పేరు వస్తుంది. 1918లో ఊరి యువకులు హిందూ యువజన సంఘం పేరుతో మొదలుపెట్టారు. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. నేతపనివాళ్ళుండే చిన్న ఊరు. అయినా విదేశాల్లో తెలుగు చరిత్ర మీద పరిశోధన చేసేవాళ్ళు రైలు దిగి అక్కడికి వెళతారు. కారణం ఒక్కటే, పాత పత్రికల్ని బైండు చేయించి దాచారు. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో మద్రాసులో దినపత్రికైన ఆంధ్రపత్రిక, 1938 నాటి ఆంధ్రప్రభ, వీటిలో పెద్ద వార్తల కింద ఊరి వార్తలు చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫలానా ఊళ్ళో రాట్నాలు పంచారు, ఫలానా ఊళ్ళో కలరా వచ్చింది, ఫలానా ఊళ్ళో బాలికల బడి పెట్టారు. ఏ చరిత్ర పుస్తకంలోనూ ఎక్కని ఊళ్ళు ఇక్కడ పేరుతో సహా కనిపిస్తాయి.

పాత పేపరు విప్పడానికి కూడా ఒక పద్ధతుంది. చెక్కగుజ్జు కాగితం అరవై డెబ్భై ఏళ్ళకే గోధుమరంగు తిరిగి అప్పడంలా విరుగుతుంది. మొదట పోయేది పైమూల, అంటే తేదీ ఉండే చోటు. పుట కొస పట్టి లాగకూడదు. అడుగున అట్ట దూర్చి మొత్తంగా తిప్పాలి. తేదీ రాలిపోయి ఉంటే లోపలి పుటల్లో రైలు ప్రకటనో, పంచాంగం ముక్కో, ముందటి రోజు మీటింగు కబురో పట్టుకుని రోజు తేల్చుకోవచ్చు.

ఇక ఎక్కువగా వచ్చే ప్రశ్న గాంధీది. మా జిల్లాలో గాంధీ రాని ఊరు లేదు, వినడానికి. "మా తాత కళ్ళారా చూశాడండీ" అంటారు. తాత అబద్ధం చెప్పాడని నేననను. ఏ టూరో అడుగుతాను. 1921లో బెజవాడ కాంగ్రెసు నాటిదా, 1929 వేసవిలో ఖద్దరు నిధి కోసం తిరిగినప్పటిదా, 1933 చివర హరిజన యాత్రదా? విరాళం ఇచ్చారంటే 1929 వైపు, హరిజనవాడకు వచ్చాడంటే 1933 వైపు చూడాలి. రోజువారీ ప్రయాణం పేపర్లో పడింది గనక ఏ ఊళ్ళో కారు ఆగింది, ఏ ఊరి సంఘం ఎంత సంచి సమర్పించింది తేలిపోతుంది. చాలాసార్లు ఆయన ఆగింది పక్కూళ్ళో, తాత నడిచివెళ్ళి చూసొచ్చాడు. దాన్ని తేల్చి చెప్పాక కొందరు చిన్నబుచ్చుకుంటారు. ఇంకొందరికి తాత మరీ ఇష్టమైపోతాడు, పదిమైళ్ళు నడిచాడని.

తర్వాతి చిక్కు కాలం లెక్క. మన పెద్దలు ఏడాదిని అంకెతో చెప్పలేదు. పేరుతో చెప్పారు. పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. ఒకసారి ఒక కుటుంబం వాళ్ళు సత్రం రాతిపలక ఫోటో తెచ్చారు. ధాత నామ సంవత్సరం, తిథి, వారం ఉన్నాయి, శకం లేదు. ధాత కరువులో అన్నం పెట్టడానికి మా ముత్తాత కట్టించాడని వాళ్ళింట్లో వాడుక. ధాత అంటే 1876 కావచ్చు, 1936 కూడా కావచ్చు. స్వామికన్ను పిళ్ళె 1911లో అచ్చువేసిన 'ఇండియన్ క్రోనాలజీ'లో క్రీస్తు శకం 2000 దాకా పట్టికలున్నాయి. రాతి మీద వారం కూడా ఉంటే ఆ తిథి ఏ ఏడు ఆ వారం పడిందో లెక్కకట్టి చూడొచ్చు. వాళ్ళ పలక 1936కే కుదిరింది. కరువు కథ ఏమవుతుందని అడిగారు. 1936లో కట్టినవాడు తన చిన్నతనంలో పెద్దల నోట ధాత కరువు కథలు విని, అదే పేరున్న ఏడు మళ్ళీ వచ్చినప్పుడు సత్రం కట్టించి ఉండొచ్చు గానీ, ఉండొచ్చు అన్నదానికి కాగితం కావాలన్నాను. ఆ కాగితం వాళ్ళే వెతికారు. సత్రం జమాఖర్చు పుస్తకం వాళ్ళ అటక మీదే ఉంది.

ఇవన్నీ ఒకచోట ఉంటే గ్రంథపాలకుడి పని సగం తగ్గేది. గ్రంథాలయాల్లో వర్గీకరణ ఊరిని ముక్కలు చేసి పంచుతుంది. డ్యూయీ పద్ధతిలో ఆంధ్రప్రదేశ్ చరిత్ర 954.84లోకి వెళుతుంది. అదే ఊరి స్థలపురాణం హిందూ మతం కింద 294.5లోకి, జానపద గాథలు 398లోకి, ఊరి పెద్దమనిషి జీవితచరిత్ర 920లోకి, జనాభా లెక్కలు 310 దగ్గరికి పోతాయి. హైస్కూలు స్వర్ణోత్సవ సంచికకయితే అంకే పడదు, బీరువా మీద పడుకుంటుంది. పద్ధతి తప్పేమీ లేదు, విషయాన్ని బట్టి అమర్చడానికి పుట్టింది గనక ఊరిని బట్టి అమర్చదు. అందుకే చాలామంది పాత గ్రంథపాలకులు ఒక నోటుబుక్కు పెట్టుకునేవారు. ఊళ్ళ పేర్లు అకారాదిగా రాసి, ఎదురుగా ఏ పుస్తకంలో ఏ పుటలో ఆ ఊరి ప్రస్తావన ఉందో ఎక్కించుకోవడం. నాదీ అలాంటిదే. అందులో ఎక్కువసార్లు ఎక్కినవి 1961 జనాభా లెక్కలతో పాటు వచ్చిన 'ఫెయిర్స్ అండ్ ఫెస్టివల్స్' జిల్లా సంపుటాలు. ఊరూరి దేవత, జాతర తేదీ, పూజారి కులం, ఎన్ని రోజుల తిరునాళ్ళ, అన్నీ రాశారు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి వేసిన మూడు సంపుటాల నెల్లూరు శాసనాలు, 1948లో జయంతి రామయ్య పంతులు సంపాదకత్వంలో వచ్చిన దక్షిణ భారత శాసనాల పదో సంపుటం తర్వాతి వరసలో ఉండేవి.

1984లో మా బల్ల దగ్గర రద్దీ మారింది. ఆ జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. వంశపారంపర్య పెత్తనం పోవడం మంచిదే. దాని మంచీచెడూ రైతులకు తెలుసు. అయితే కరణంతో పాటు ఊరి జ్ఞాపకం కూడా కుర్చీ దిగింది. సర్కారుకు చెందిన రిజిస్టర్లు కొన్ని మండలాఫీసుకు చేరాయి. ఇంటి కట్టలు ఇళ్ళలోనే ఉండిపోయి, వాటాలప్పుడు చీలిపోయాయి, కొన్ని పాతసామాన్లవాడి తక్కెడకెక్కాయి. అప్పటిదాకా అరుగు మీద అడిగేవాళ్ళు గ్రంథాలయానికి రావడం మొదలుపెట్టారు. గ్రంథాలయం దానికి సిద్ధంగా ఉందా అంటే, లేదు. 1948 మద్రాసు చట్టం, 1955 హైదరాబాదు చట్టం, రెంటినీ కలుపుతూ 1960లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టం గ్రంథాలయాలకు ఆదాయం చూపించాయి. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు సెస్సు మనవాటా. దాంతో భవనాలు, జీతాలు, పుస్తకాల కొనుగోళ్ళు నడిచాయి. స్థానిక చరిత్రకు ఒక బీరువా, దాన్ని చూసే ఒక మనిషి అన్న ఖాతా మాత్రం ఎక్కడా తెరవలేదు. కొనుగోలు జాబితా పైనుంచి వస్తుంది, మా ఊరి సావనీరు ఆ జాబితాలో ఉండదు. ఏటా జరిగే చిరుగు పుస్తకాల తొలగింపులో అట్టలేని పాత సంచికలు కిలోల లెక్కన పోవడం నేను చాలా చోట్ల చూశాను.

ఈ లోటును కడపలో కొంత పూడ్చారు. బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలో జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుపట్టి నిలబెట్టిన సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. అక్కడి నుంచి కట్టా నరసింహులు సంపాదకుడిగా కడప జిల్లా కైఫియతులు అచ్చయ్యాయి. బ్రౌన్ రాయించి మద్రాసులో ఉంచిన ఊరి కథలు ఇన్నాళ్ళకు ఆ ఊళ్ళకు తిరిగి చేరాయి. ఇప్పుడు స్కాన్లు కూడా ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద వేల తెలుగు పుస్తకాలు ఎక్కాయి. ఇంట్లో కూర్చుని ఫోనులో చదవొచ్చు. పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తోచినట్టు ఎక్కించడంతో ఉన్న పుస్తకం కూడా ఒక్కోసారి దొరకదు. దొరికినా కైఫియతులోని 1145 నమ్మదగిందా కాదా అన్నది తెర చెప్పదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని రెండో పుస్తకం తీయాల్సిందే. పన్నుల కాగితం ఊరిని పైనుంచి చూస్తుంది, ఊరి సావనీరు తన గొప్ప తాను చెప్పుకుంటుంది. రెంటినీ ఒకే బల్ల మీద పెట్టి చదివించే చోటు పల్లెలో గ్రంథాలయం ఒక్కటే.

అందుకని మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వాల్సినవి కొన్ని చెబుతాను. సహకార సంఘం నివేదికలు, బడి వార్షికోత్సవ సంచికలు, గుడి జీర్ణోద్ధరణ చందాల జాబితాలు, ఎన్నికల కరపత్రాలు, నాటకాల నోటీసులు, తాతల నాటి దస్తావేజుల నకళ్ళు. ఇచ్చేటప్పుడు మొదటి పుట మీద పెన్సిలుతో ఊరు, అప్పటి తాలూకా, ఏడాది రాయండి. ఏడాదిని అంకెల్లో రాయండి. రసీదు అడగండి, రసీదున్న కాగితాన్ని తక్కెడకెయ్యడం అంత తేలిక కాదు. గ్రంథపాలకుడు "ఇవెందుకండీ" అంటే, రేపు మీ దగ్గరికి వచ్చేవాడు పుస్తకం పేరు చెప్పడు, ఊరి పేరే చెబుతాడని చెప్పండి.